చప్పిడి అను నింద

దేశాంతరములు చూచి వచ్చిన తెలుగువారిని కుశలప్రశ్నానంతరము అచ్చటి భోజనమును గూర్చి యడిగినచో, పెక్కుమంది నోట వెలువడు తీర్పు ఒక్కటియే: “ఏముందండీ, అంతా చప్పిడి తిండి. ఉప్పా, కారమా?” జపాను నుండి వచ్చినవారును ఈ మాటయే యందురు, ఇటలీ నుండి వచ్చినవారును ఈ మాటయే యందురు. విన్నవారు తలయూపి, ఆవకాయ జాడీ గల దేశమున పుట్టిన అదృష్టమునకు తమను తాము అభినందించుకొందురు. ఈ తీర్పు ఎంత వేళ్లూనినదనగా, విదేశయాత్రలు నడపు సంస్థలు దర్శనీయస్థలముల పట్టిక ప్రక్కనే, వానికి తీసిపోని పెద్ద అక్షరములతో, ‘మన వంటవాడు మీ వెంటనే వచ్చును, మూడుపూటల మన భోజనమే’ అని ప్రకటించుకొనుచున్నవి. వెనిసు నగరమును చూచుటకు లక్షలు వెచ్చించినవాడు వెనిసులో పప్పుచారన్నము తిని వచ్చి, ఇటలీ వంటలు చప్పిడి యని నిర్ణయించుచున్నాడు. ఈ అభిప్రాయము వాస్తవవిరుద్ధమనియు, శాస్త్రవిరుద్ధమనియు, అన్నిటికంటె ముఖ్యముగా మన సొంత వంటకే అపకారము చేయుచున్నదనియు నా దృఢవిశ్వాసము.

మొదటి దోషము వాస్తవమునకు సంబంధించినది. విదేశభోజనము అను ఏకవస్తువు భూమండలమున ఎచ్చటను లేదు. చీనాదేశపు సిచువాన్ మండలమున పీషియన్ అను ఊరు కలదు. అచ్చట పెద్దచిక్కుడు జాతి గింజలను మిరపతోను ఉప్పుతోను కలిపి, పెద్ద మట్టిజాడీలలో నుంచి, ఎండ కాసినప్పుడు మూతలు తీయుచు, వాన వచ్చినప్పుడు మూయుచు, నెలల తరబడి, మేలురకమైనచో సంవత్సరముల తరబడి మాగబెట్టుదురు. ఆ ముద్దను నూనెలో వేయించి వండి, నాలుకకు తిమ్మిరి పుట్టించు హువాజియావో పొడిని పైన చల్లి తెచ్చిన కూర ముందు, మన కారపు వీరులు పెక్కుమంది మంచినీళ్లకై చేయి చాచుట నేనెరుగుదును. ఇథియోపియాలో బెర్బెరె అను ఘాటైన మసాలాతో ఉడికిన పప్పును, దినముల కొలది పులిసిన టెఫ్ పిండితో కాల్చిన ఇంజెర యను పలుచని రొట్టెపై వడ్డింతురు. ఆ పులుపును, ఆ కారమును కలిసి నోటికి తగిలినప్పుడు పులిసిన పిండితో పోసిన మన అట్టు స్మృతికి వచ్చును. ఇటలీలోనే దక్షిణపు కొసనున్న కలబ్రియా వారు మిరప లేనిదే ముద్ద యెత్తరు. హంగరీ దేశమునకు మిరపపొడియే పతాక. సెగెద్ నగరమున సెంట్-జ్యోర్జి యను శాస్త్రజ్ఞుడు ఆ ఊరి మిరపకాయల నుండియే సి-విటమినును విస్తారముగా రాబట్టెను. 1937లో ఆయనకు లభించిన నోబెల్ బహుమానమునకు ఆ విటమినుపై చేసిన కృషియు నొక కారణము. మెక్సికో మాట చెప్పనేల? మిరప పుట్టినిల్లే అది. ఇన్ని దేశములను ఒక్క మాటతో చప్పిడి యని త్రోసివేయువాడు వానిలో నొక్కదానినైనను తిని చూడలేదని మాత్రమే ఋజువు చేయుచున్నాడు.

సరే, కారము వాడని దేశముల మాటయేమి? అవి చప్పనివే యని యొప్పుకొనవలెనా? ఇచ్చటనే రెండవ దోషము, శాస్త్రమునకు సంబంధించినది, బయటపడుచున్నది. మిరపకారము రుచిమొగ్గల ద్వారా తెలియునది కాదు. మిరపలోని కాప్సైసిన్ అను ద్రవ్యము, శరీరమునకు వేడిని తెలియజేయుటకై ప్రకృతి యేర్పరచిన నాడీగ్రాహకమును మేల్కొలుపును. సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌ను మించిన ఉష్ణము సోకినప్పుడు తెరచుకొనవలసిన ఆ ద్వారము మిరప తాకినంతనే తెరచుకొనును. 1997లో డేవిడ్ జూలియస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సహచరులతో గూడి ఈ గ్రాహకమును గుర్తించెను. 2021లో ఆయన మరియొక శాస్త్రజ్ఞునితో పంచుకొన్న నోబెల్ బహుమానము ఈ పరిశోధనల ఫలమే. ఈ సత్యమునకు మన వంటింటిలోనే సాక్ష్యము కలదు. మిరపకాయలు తుంచిన చేయి కంటికి తగిలినను, కారము గోటిసందున చేరినను మంట పుట్టును. చింతపండు పిసికిన చేతికి పులుపు తెలియదు, బెల్లము కొట్టిన చేతికి తీపి తెలియదు. ఈ మంటలో సుఖము లేదని నేననను. వేడియన్నములో ఆవకాయ కలుపుకొని, కన్నుల నీరు తుడుచుకొనుచు మరియొక ముద్దకు చేయి చాచువారిలో నేనును ఒకడను. కాని సుఖమిచ్చు మంటను రుచికి కొలబద్దగా నిలుపుట ఎట్లు న్యాయము?

కటువు మన పూర్వాచార్యులు చెప్పిన షడ్రసములలో ఒకటి కదా యని ఆక్షేపింతురు. నిజమే, ఆరింటిలో నొకటి. తక్కిన అయిదింటిని పట్టిక నిండుటకై వారు చేర్చలేదు. పైగా ఆ కటురసమునకు వారు చూపు ముఖ్యోదాహరణములు శొంఠి, పిప్పలి, మిరియము, అనగా త్రికటుకములు. మిరపకాయను వారు కన్నెరుగరు. అది అమెరికా ఖండములలో పుట్టి, పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో మన తీరము చేరినది. పండ్రెండవ శతాబ్దిలో చాళుక్యరాజు సోమేశ్వరుడు మానసోల్లాసమున రాజభోజనమును సవిస్తరముగా వర్ణించినప్పుడు మిరప లేదు. అంతకంటె మనకు సన్నిహితమైన సాక్ష్యము ఆముక్తమాల్యద. విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున నేమి వడ్డించునో కృష్ణదేవరాయలు చెప్పిన పద్యములు చదువని తెలుగు రసికుడు ఉండడు. వేసవిలో గోరువెచ్చని యన్నము, తియ్యని చారులు, మజ్జిగపులుసు, పలుచని అంబలి, చెరకురసము, లేత కొబ్బరినీరు. చలికాలమునకు మాత్రము మిరియపుపొడి పట్టించిన కూరలు, ముక్కుపుటములను అదరగొట్టు ఆవపచ్చళ్లు. ఘాటునకు ఋతువును నిర్ణయించిన జిహ్వ అది. గ్రీష్మమున తియ్యని చారును చప్పిడి యని ఆ చక్రవర్తి తూలనాడలేదు. దానిని ఆ యెండకు తగిన భోగముగా నెంచెను. నేడు కారమే మన అనాదిధర్మమని ఘోషించువారు రాయలవారి పంక్తిలో కూర్చున్నచో సగము వంటకములను విస్తరిపై మిగిల్చి లేచిపోవుదురు.

ఇక జపాను. ఈ నిందను అందరికంటె ఎక్కువగా మోయుచున్న దేశమది కనుక తీరికగా చెప్పవలసియున్నది. వారి వంటకు పునాది దాషి యను తేటనీరు. చూచుటకు రంగు పట్టీపట్టనట్లుండు ఈ నీటి వెనుక నున్న శ్రమ వినిన తరువాత దానిని నీళ్లచారనుటకు నోరాడదు. ఉత్తరమున హొక్కైదో ద్వీపపు చల్లని సముద్రమున పెరుగు కొంబు అను నాచును వేసవిలో కోసి, గులకరాళ్లపై పరచి ఎండబెట్టుదురు; మేలైన దానిని కొట్లలో నుంచి ఏడాదియు, అంతకు మించియు మాగనిత్తురు. కట్సువో యను చేప ముక్కలను ఉడికించి, ముండ్లు తీసి, కట్టెల పొగపై మరల మరల ఆరబెట్టి, తరువాత మేలుజాతి బూజును పట్టించి, ఎండలో పెట్టుచు తీయుచు, నెలలు గడచిన పిమ్మట, రెండు ముక్కలను తాకించినచో చేవదేరిన కొయ్య మ్రోగినట్లు మ్రోగునంత గట్టిగా చేయుదురు. వండునప్పుడు దానిని చిత్రిక పట్టి పలుచని పొరలుగా తీయుదురు. కొంబును చన్నీట నానవేసి సన్నని సెగపై కాచి, నీరు మరుగుటకు ముందే తీసివేయవలెను. మరుగనిచ్చినచో జిగురు దిగి తేటదనము చెడును. పిదప చేపపొరలు వేసి, అవి అడుగునకు దిగునంతలో వడియగట్టవలెను. ఇంతే. ఉప్పు ఒక చిటికెడు. కాని ఆ క్షణములలో ఏమరుపాటు కలిగినచో దానిని కప్పిపుచ్చుటకు ఇంగువ లేదు, పోపు లేదు, కారము లేదు. వండినవాని దోషము నగ్నముగా కనబడును.

ఆ తేటనీటిలో నున్నదేమో 1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయపు రసాయనాచార్యుడు ఇకెదా కికునాయె కనుగొనెను. కొంబునుండి ఆయన రాబట్టిన గ్లుటమేటు ద్రవ్యము తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాలుగింటిలో దేనికిని చెందని వేరొక రుచినిచ్చునని చెప్పి, దానికి ఉమామి అని పేరిడెను. 1913లో ఆయన శిష్యుడు కొదామా ఎండబెట్టిన కట్సువోలో ఇనోసినేటు అను మరియొక ద్రవ్యమును గుర్తించెను. ఈ రెండును వేరువేరుగా నిచ్చు రుచిని కూడినదానికంటె, ఒక్కచోట కలిసినప్పుడు పుట్టు రుచి అనేకరెట్లధికమని తరువాతి పరిశోధకులు తేల్చిరి. అనగా నాచును, చేపను ఒక్క గిన్నెలో కలిపిన ఆ ప్రాచీన వంటవాండ్రు, పేరు తెలియకయే, ఈ సూత్రమును నాలుకతో సాధించిరి. ఇటలీ వారు కనీసము పండ్రెండు నెలలు మాగబెట్టి గాని అమ్మని పార్మిజానో జున్నులోను, వారి పండిన టమాటాలోను ఈ రుచియే నిండియున్నది. రోమునగరమున గొర్రెపాల జున్నును, దంచిన మిరియమును మాత్రమే చేర్చి కలిపెడు సేమియా యొకటి కలదు. ఆ మిరియము మన మలబారు తీరము నుండి రెండువేల యేండ్లుగా ఆ నగరమునకు ఎగుమతియైన వస్తువు. నాకు ప్రియతమమైన విదేశపు వంటకములలో దాషియు, ఆ సేమియాయు మొదటి వరుసలో నిలుచును. రెండును చప్పిడి యని పేరువడినవే.

కియోతో నగరపు చిన్న భోజనశాలలో ఒకప్పుడు కంటబడిన దృశ్యము నన్ను బాధించినంతగా మరేదియు బాధింపలేదు. లక్క పూసిన నల్లని కొయ్యగిన్నె వచ్చినది. మూత తీయగనే ఆవిరితోపాటు యుజు అను నిమ్మజాతి పండు తొక్క పరిమళము పైకి లేచినది. లోన తేటనీరు, దానిలో ఒక తెల్లని ముక్క, ఒక ఆకు. నా ప్రక్కన కూర్చున్న తెలుగు పెద్దమనిషి, గిన్నెను పెదవికి తాకింపకయే, సంచిలోని కందిపొడి పొట్లము విప్పి, రెండు చెంచాలు గుమ్మరించి, గిరగిర కలిపి త్రాగి, “హమ్మయ్య, ఇప్పుడు కాస్త నోటికి హితవుగా ఉంది” అనెను. బల్లకు అటువైపున నిలిచి వండి వడ్డించుచున్నవాడు దానిని చూచి, ఏమియు ననక, తలవంచుకొని తన కత్తిని తుడుచుకొనెను. పెద్దమనిషి దుర్మార్గుడు కాడు. ఇంటికి వచ్చిన అతిథికి తన విస్తరిలోనిది పెట్టువాడే. కాని కచేరీలో తంబుర మీటినంతనే శ్రుతి మంద్రముగా నున్నదని డప్పు వాయించినవానిని మనము రసికుడందుమా? తన చెవికి అందనిది వీణలో లేదని వాదించుట యెట్టిదో, తన నాలుకకు తెలియనిది గిన్నెలో లేదనుట యట్టిదే.

బౌద్ధ మఠములలో వండు జపాను శాకపాకమునందు చేపకు మారుగా కొంబును, ఎండబెట్టిన పుట్టగొడుగులను మాత్రమే నానవేసి ఈ తేటనీటిని తీయుదురు. కనుక మన శాకాహారులకు దీనిని నిరసించుటకు ఆచారమును అడ్డుపెట్టుకొను అవకాశము లేదు. ఆ మఠములకు చెందిన దోగెన్ ఆచార్యుడు 1237లో కేవలము వంటవాని విధులను గూర్చియే ఒక గ్రంథము రచించెను. ఆ సంప్రదాయమున చెప్పు రుచులును ఆరే. చేదు, పులుపు, తీపి, కారము, ఉప్పు అను అయిదు మనకును వారికిని సమానములు. ఆరవదానికడ మనము కషాయమును నిలిపితిమి. వారు ఏ రుచియు పైకి ఉబుకని సౌమ్యతను, పదార్థము యొక్క సహజమైన మెత్తని రుచిని నిలిపిరి. మనము లోపమని దేనిని పేర్కొనుచున్నామో, దానినే వారు పట్టికలో రసముగా నెక్కించి, దానిని సాధించుటకు శతాబ్దములు శ్రమించిరి. కారముతో దానిని పూరింపబోవుట, వారు సాధించినదానిని చెరిపివేయుట.

ఈ సౌమ్యరుచి తెలుగువానికి తెలియనిదా? ఇదియే నా వాదమునకు మర్మస్థానము. కందిపప్పును సన్నని సెగపై, మాడకుండ, దోరగా వేయించి, మెత్తగా ఉడికించి, ఉప్పు తప్ప మరేమియు చేర్చక ఎనిపిన ముద్దపప్పును, అప్పుడు కాచిన నేతితో వేడియన్నమున కలిపి తిను మన మొదటి ముద్దలో కారమేది? పులుపేది? పప్పు పచ్చివాసన పోయినదా, ఒక్క నిమిషము అధికముగా వేగి కమురు పట్టినదా, నేయి వెన్న కాచినదా, మీగడ కాచినదా, బియ్యము కొత్తదా, పాతదా అని మన అమ్మమ్మలు ఆ యొక్క ముద్దతో చెప్పగలిగిరి. రాయలసీమ రాగిసంకటి, తెలంగాణపు జొన్నగటక, కోనసీమలో పనసాకుల బుట్టలలో ఆవిరిపై ఉడికెడు పొట్టిక్కలు, తరవాణి, పులగము, జున్ను, తాటిముంజెలు — వీనిలో దేనిలోనైనను మిరపకాయ యున్నదా? ఇవి చప్పనివా? కారమొక్కటియే కొలబద్దయైన తరువాత వీనికి పట్టిన గతి చూడుడు. ముద్దపప్పు విందులో ఆవకాయకు ఆధారముగా మాత్రమే మిగిలినది. పులగము జ్వరపడి లేచినవాని పథ్యమైనది. హోటలులో ‘ఆంధ్రా’ అని పేరు పెట్టిన ప్రతి కూరయు ఎర్రగా నుండవలెను. ఎర్రగా లేనిచో తినువాడే కూర అసలైనది కాదని త్రిప్పి పంపుచున్నాడు. పరదేశపు గిన్నెను చూచి నేర్చుకొన్న ‘చప్పిడి’ యను మాట ఇంటికి వచ్చి మన అమ్మమ్మ వంటనే కాటువేయుచున్నది. నాకు జపాను వారిపై గల అభిమానముకంటె ఈ నష్టమును గూర్చిన వేదనయే అధికము.

ఇంత చెప్పినను ప్రతిపక్షులు కడపట ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అను సామెత చాటున నిలుతురు. ఈ సామెతలో సత్యాంశము లేకపోలేదు. 1931లో డ్యూపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయనికుడు ఫినైల్ థయోకార్బమైడ్ అను చూర్ణమును పోయుచుండగా ధూళి లేచెను. ప్రక్కనున్న సహోద్యోగి నోరంతయు చేదైనదనెను. ఫాక్స్‌కు ఏ రుచియు తెలియలేదు. ఈ భేదము వంశానుగతమని తరువాత తేలినది. కాని ఇట్టి జన్మసిద్ధ భేదములు వ్యక్తికిని వ్యక్తికిని నడుమ నుండునవి. ఒక జాతి అంతటికిని జపాను వంట చప్పగా తోచుటకు అవి కారణము కాజాలవు. దానికి కారణము అలవాటు. అలవాటు ఎంత ముందుగా మొదలగునో 2001లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపినది: గర్భిణిగా నున్నప్పుడో, పాలిచ్చునప్పుడో తల్లి క్యారెట్ రసమును క్రమముగా త్రాగినచో, శిశువు తరువాత ఆ రుచిగల ఆహారమునకు ముఖము ముడుచుట తగ్గినది. అలవాటుచే వచ్చినది అలవాటుచే విస్తరింపగలదు; కాఫీ చేదును మొదటిసారి ఉమిసిన జాతియే నేడు దానికై తెల్లవారుజామున లేచుచున్నది. అలవాటును తీర్పుగా భ్రమించుట మహాకవులకును తప్పలేదు. వరియన్నమునకు అలవడిన శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని నిందించినట్లు చాటువులు చెప్పుచున్నవి. నేడు నగరములలో జొన్నరొట్టెకై జనులు వరుసకట్టి నిలుచుచున్నారు.

విదేశములలో నిజముగా చప్పని తిండి లేదని నేను వాదించుట లేదు. పెద్ద హోటళ్లలో ‘కాంటినెంటల్’ అను పేర నీళ్లలో ఉడికించి వార్చిన కూరగాయలు ఏ ఖండమునకును చెందినవి కావు. వానిని నిందించుటలో నేను అందరికంటె ముందుందును. మన ఊళ్లలో అమ్ముడగు గోబీ మంచూరియాను మంచూరియా వాసి ఎవ్వడును ఎరుగడు. అది మనవారి సృష్టి, రుచికరమైన సృష్టియే. కాని దానిని తిని చీనా వంట తెలిసినదనుకొనుట పొరపాటు.

నాకు నచ్చలేదనువానితో నాకు కలహము లేదు. ఎవని విస్తరి వానిది, ఇష్టము లేనిది తినుమని నిర్బంధించు అధికారము ఎవరికిని లేదు. కాని అది చప్పిడి యని లోకమునకు తీర్పు చెప్పువాడు సాక్ష్యమియ్యవలెను. ఏ గిన్నె త్రాగితివి? అందులోని కొంబు ఏ సముద్రపుది? దానిని మరుగుటకు ముందే తీసిరా, మరిగిన తరువాత తీసిరా? నీ సంచిలోని పొడి పొట్లము విప్పుటకు ముందు ఎన్ని గుటకలు నోట నిలిపితివి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పినవానితో నేను సంతోషముగా వాదింతును.